ఎండకు తెరుచుకుని ముసురుకు మూసుకునే వడ్రంగం షెడ్డు: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

నెల్లూరు జిల్లాలో కావలి వైపు, సముద్రానికి పది కిలోమీటర్ల లోపు ఉన్న ఒక ఊళ్లో జరిగిన పని ఇది. ఇంటాయన ఉద్యోగ విరమణ చేశారు. ఉదయగిరి చెక్క చెంచాల మీద ముచ్చటతో ఉలి పట్టి, పీటలు, పెట్టెలు, చెక్కను తిప్పుతూ చెక్కే లేత్ మిషను మీద గిన్నెల దాకా వచ్చారు. పెరట్లో పాత పశువుల కొట్టం ఉన్న చోట 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవున ఒక గది కట్టించుకున్నారు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, చూరు దగ్గర ఏడున్నర అడుగులు, కొప్పు దగ్గర పది అడుగుల ఎత్తు, ఇనుప ట్రస్సుల మీద రేకులు ఆనే అడ్డ కమ్మీలు (పర్లిన్లు), పైన సిమెంటు రేకులు. పొడుగు గోడలు తూర్పుకీ పడమరకీ ఉన్నాయి. తూర్పున రెండు కిటికీలు, ఉత్తరాన తలుపు, పడమట గోడకు ఏ కన్నమూ లేదు. లోపల రెండు హార్స్‌పవర్ల టేబుల్ రంపం, చెక్కను చదును చేసే ఒక ప్లేనర్, చిన్న లేత్, ఒక హార్స్‌పవర్ దుమ్ము మిషను ఉన్నాయి. ఉలులు, చిత్రికలు కలిపి నలభై దాకా చేతి పనిముట్లు.

గది కట్టడంలో పెద్ద లోపం లేదు. లోపలి ఏర్పాటు దగ్గరే మూడుసార్లు డబ్బు పోయింది. ఆ మూడుసార్లూ వేర్వేరు పనివాళ్లు, వేర్వేరు బాధలకు వేర్వేరు మందులు వేశారు. ఈ కేసు రాయడానికి కారణం అదే.

వచ్చిన ఇబ్బందులు

2024 ఫిబ్రవరిలో, ఈ లోపలి ఏర్పాటును సరిచేయడానికి వెళ్లిన మేం చూసేనాటికి ఆయన చెప్పిన ఇబ్బందులు ఐదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పదకొండు దాటాక లోపల నిలబడలేరు. అక్టోబరు నుంచి జనవరి దాకా ఉలులు, లేత్ బెడ్డు వారం తిరిగేసరికి ఎర్రబారతాయి. మే నెలలో బిగించిన పెట్టె మూతలు నవంబరులో ఉబ్బి, చట్రం మూలలను విడగొట్టాయి. పడమటి గోడకు కొట్టిన ప్లైవుడ్ వెనక చెదలు. సాయంత్రాలు రంపం స్విచ్చి వేస్తే ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే తనంతట తానే ఆపేసే స్విచ్చి, పడిపోయేది.

"ఒక్కోదానికి ఒక్కో మనిషిని పిలిచినా సార్, ఒకటి బాగుచేస్తే ఇంకోటి లేస్తా ఉంది" అన్నారాయన. ఆ మాటలోనే రోగం గుట్టు ఉంది. కరెంటు సంగతి ఒక్కటి విడిగా చూసినా, మిగిలిన నాలుగూ గాలి, చెమ్మ ఏ దారిన వస్తున్నాయి, ఏ దారిన పోతున్నాయి అన్నదానికే తిరిగి వస్తాయి.

అంతకుముందు చేసినవి, అవి నిలవకపోవడానికి కారణాలు

మొదటిది ఫాల్స్ సీలింగ్. 2023 వేసవిలో ఎనిమిది అడుగుల ఎత్తున ట్రస్సుల నుంచి జిప్సం బోర్డు దించి, బోర్డు పైన వెండి ఫాయిల్ పరిచారు. వేడి కొంత తగ్గింది కానీ సాయంత్రం ఏడు దాటినా గది చల్లబడలేదు. ఫాయిల్ పని చేసే తీరు తెలిస్తే కారణం తేలిగ్గా దొరుకుతుంది. ఫాయిల్ వేడిని పీల్చి ఆపేది కాదు. ఎర్రగా కాలిన రేకు నుంచి సెగలా వచ్చే కిరణ వేడిని తిప్పికొడుతుంది, తను అందుకున్నదాన్ని కిందికి వదలకుండా పట్టి ఉంచుతుంది. ఈ రెండూ జరగాలంటే మెరిసే ముఖానికి ఎదురుగా కనీసం ముప్పావు అంగుళం ఖాళీ గాలి ఉండాలి. ఇక్కడ కింది ముఖం బోర్డుకు అంటుకుపోయింది, పై ముఖం మీద రంపపు పొడి పేరుకుంది. ఫాయిల్ మీద దుమ్ము పడితే అది మామూలు కాగితంతో సమానం. పైగా బోర్డుకీ రేకుకీ మధ్య చేరిన వేడి గాలి బయటికి పోయే కన్నమే లేదు.

ఆ డిసెంబరులో మిచాంగ్ తుపాను వానలకు, రేకులను పర్లిన్లకు పట్టి ఉంచే జె-హుక్కుల దగ్గర నీళ్లు దిగాయి. జిప్సం తడిసి బొజ్జలా వేలాడింది, రెండు బోర్డులు ఊడిపడ్డాయి. హుక్కుల తారు వాషర్లు ఎండకు పగిలి ఉన్న సంగతి సీలింగు వేసేటప్పుడే చూడాల్సింది. సీలింగ్ మూశాక కారే చోటు కనబడదు.

రెండోది ఏసీ. వేడికి సాయంత్రాలు రెండు మూడు గంటలు నడిపేందుకు ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టించారు. తుప్పు ఎక్కువైంది దీనివల్లే. ఏసీ నడిచినంతసేపు గాలిలో చెమ్మ తీస్తుంది, ఆ మాట నిజం. కానీ లేత్ బెడ్డు, రంపం బల్ల లాంటి పోత ఇనుము 24 డిగ్రీలకు చల్లబడి, గంటల తరబడి ఆ చల్లదనాన్ని పట్టుకుని ఉంటుంది. ఏసీ ఆపి తలుపు తీస్తే బయటి గాలి లోపలికి వస్తుంది. వానాకాలంలో మన తీరంలో గాలిలోని చెమ్మ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంతకంటే చల్లగా ఉన్న ఇనుము మీద ఆ గాలి చెమ్మ దిగక మానదు. దాని మీద సముద్రపు ఉప్పు పొడి కూడా ఉంటుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరవుతుంది, సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడు అంతకంటే చాలా తక్కువకే నీరవుతుంది. అందుకే పైకి ఆరినట్టు కనిపించే ఇనుము కూడా ఇక్కడ తుప్పు పడుతుంది. రోజంతా ఏసీ నడిపితే ఈ బాధ లేదు. అలవాటు కోసం పెట్టుకున్న గదికి ఆ ఖర్చు ఎవరూ భరించరు. పైగా సన్న పొడి నెలలోపే ఏసీ కాయిల్‌ను పూడ్చేసింది.

మూడోది పడమటి గోడకు ప్లైవుడ్. గోడ కాలుతోందని, పనిముట్లు తగిలించుకోవచ్చని, అంగుళం పట్టీల మీద 12 మిల్లీమీటర్ల ఎంఆర్ గ్రేడ్ ప్లై కొట్టారు. పైనా కిందా మూసేశారు. ఎంఆర్ అంటే గదిలోని మామూలు తేమను తట్టుకునే రకం. తడి గోడ వెనకకు అది పనికిరాదు. నీళ్లకు తట్టుకునే బీడబ్ల్యూపీ రకం, అంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లై వేసినా జిగురు నిలిచేది కానీ చెదల దారి మూసుకునేది కాదు. చీకటి, చెమ్మ, కదలని గాలి మూడూ ఒకచోట కుదిర్చిపెట్టాక చెద రాకుండా ఎలా ఉంటుంది?

చిన్నవి ఇంకో రెండు. పనిముట్ల అరలో సిలికా జెల్ సంచులు వేశారు. అర తలుపులకు సందులు ఉండటంతో రెండు రోజుల్లో నీలం గింజలు గులాబీకి తిరిగాయి. 110, 120 డిగ్రీల దగ్గర ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి, కానీ రెండు రోజులకోసారి ఎవరు ఆరబెడతారు? ఇక ఎంసీబీ పడుతోందని పిలిస్తే వచ్చిన ఎలక్ట్రీషియను 10 ఆంపియర్లది తీసి 32 ఆంపియర్లది పెట్టి వెళ్లాడు. ఇల్లు కాలిపోకపోవడం అదృష్టం. లోపల ఉన్నది ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు. దానికి 32 ఆంపియర్లు వెళితే ఎంసీబీ పడకముందే వైరు తొడుగు కరుగుతుంది. మేం వెళ్లిన రోజు మొదట చేసిన పని దాన్ని మార్చడమే.

ఒకే గదికి రెండు కాలాలు

ఈ తీరంలో లోపలి ఏర్పాటుకు ఉన్న అసలు చిక్కు ఇది. మే, జూన్‌లలో పడమటి వడగాలికి మధ్యాహ్నం గాలిలో తేమ 40 శాతం లోపుకు కూడా పడుతుంది. అప్పుడు గది తెరిచి, వేడి పైనుంచి పోయేలా ఉండాలి. ఈశాన్య రుతుపవనం దిగాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తేమ 85 దాటిన రోజులే ఎక్కువ. అప్పుడు అదే గది మూసుకోవాలి. కప్పు మీద గాలికి తిరుగుతూ ఎప్పుడూ తెరిచి ఉండే టర్బో వెంటిలేటరు మొదటి కాలానికి బాగుంటుంది, రెండో కాలంలో తుప్పు తెస్తుంది. ఎప్పుడూ మూసి ఉండే సీలింగ్ అందుకు తిరగబడ్డ తప్పు. కాబట్టి ప్రతి కన్నానికీ మూత ఉండాలి, ఆ మూత నేల మీద నిలబడి చేత్తో తీసి వేసేలా ఉండాలి అన్నది మేం పెట్టుకున్న నియమం. తర్వాతి ప్రతి నిర్ణయాన్నీ దీనికే సరిచూశాం.

మూసిన గదిలో కూడా తేమ పూర్తిగా తగ్గదు. సుమారు 1,900 ఘనపుటడుగుల గాలిని ఆరబెట్టే బదులు, ఆరి ఉండాల్సిన ఇనుమును చిన్న అరలో పెట్టి ఆ అరను ఆరబెట్టడం నయం అని రెండో నిర్ణయం.

పని మొదలైంది గోడ బయట

లోపల ఏదీ బిగించకముందు నేల పరీక్ష చేశాం. రెండడుగుల చదరపు పాలిథిన్ ముక్కలు నాలుగు చోట్ల పరిచి, నాలుగంచులకూ టేపు వేసి ఒక రాత్రి వదిలాం. పడమటి గోడ పక్కన వేసినదాని కింద నీటి చుక్కలు, మిగతావి పొడి. అంటే చెమ్మ నేలంతా ఊరడం లేదు, ఒక పక్కనుంచి వస్తోంది. బయటికి వెళ్లి చూస్తే పడమటి గోడకు ఆనించి పూలమొక్కల మడి. మడిలో మట్టి లోపలి నేలకంటే అడుగు ఎత్తున ఉంది. నేల చెమ్మ పైకి ఎక్కకుండా గోడలో వేసిన డ్యాంప్ ప్రూఫ్ కోర్సు ఆ మట్టిలో మునిగిపోయింది. రోజూ మొక్కలకు పోసే నీళ్లు నేరుగా ఇటుకలోకి వెళుతున్నాయి. చెదలు ఎక్కింది కూడా అక్కడినుంచే.

మడిని నాలుగడుగుల అవతలికి జరిపించి, మట్టిని లోపలి నేలకంటే ఆరంగుళాలు కిందికి తవ్వించాం. గోడ వెంట రెండడుగుల వెడల్పు సిమెంటు అరుగు, 40కి 1 వాలుతో బయటికి. లోపల ప్లైవుడ్ ఊడదీసి, ఉప్పు పొంగిన సిమెంటు పూత మూడడుగుల ఎత్తుదాకా చెక్కేసి, రెండు నెలలు అలాగే వదిలేశాం. ఈ రెండు నెలలే ఇంటాయనకు కష్టమనిపించాయి. కానీ తడి గోడ మీద ఏ పూత వేసినా ఏడాదిలో పెచ్చులూడుతుంది. ఏప్రిల్ ఎండకు ఆరినంతగా గోడ ఇంకెప్పుడూ ఆరదు. తర్వాత సున్నం పాళ్లు ఎక్కువగా ఉన్న పూత, దాని మీద సున్నమే కొట్టించాం. ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దన్నాం, లోపల మిగిలిన చెమ్మ బయటికి వచ్చే దారి ఉండాలి కనుక.

చెదల మందు ఆ తర్వాత. గోడా నేలా కలిసే మూల వెంట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు, గోడ పునాది వైపు వాలుగా. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు కలిపి, రంధ్రం పీల్చుకున్నంత, ఎక్కువలో ఎక్కువ ఒక లీటరు పోసి సిమెంటుతో మూశాం. బోరు ఎంత దూరంలో ఉందో ముందే చూసుకోవాలి. నీళ్లు తోడే చోటికి దగ్గరైతే ఈ పద్ధతి వాడకూడదు. మడి జరపకుండా మందు ఒక్కటే కొట్టి ఉంటే, ఆ తడి దాన్ని కడిగేసి రెండేళ్లలో మళ్లీ మొదటికి తెచ్చేది.

కప్పు

సిమెంటు రేకుల్లో రాతినార ఉంటుంది. దాన్ని డ్రిల్లు చేయడం, పొడిగా గీకడం ఊపిరితిత్తులకు చేటు. అందుకని సీలింగు మరలు ఒక్కటీ రేకులోకి వెళ్లకుండా, అన్నీ పర్లిన్లకే పట్టేలా కొలతలు వేశాం. పైన నాచు కడగడానికి తడిపి మెత్తటి బ్రష్షుతో రుద్దించాం, ప్రెషర్ పంపు వాడలేదు. మనిషి రేకు మీద నేరుగా కాలు పెట్టకుండా పర్లిన్ల మీద ఆనేలా పలకలు వేసి నడిపించాం. పాత సిమెంటు రేకు విరిగి కిందపడేవాళ్లు ఎక్కువ. పాత తారు వాషర్లు తీసేసి రబ్బరు వాషర్లు మార్చాం, తర్వాత రబ్బరులా సాగే తెల్లటి ఎలాస్టోమెరిక్ కోటింగు రెండు పూతలు. ఎండాకాలం మధ్యాహ్నం రేకు అడుగు 58 డిగ్రీలు చూపించేది, తెల్ల పూత తర్వాత అలాంటి ఎండకే 47కు దిగింది. మొత్తం పనిలో పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

లోపలి సీలింగును ట్రస్సు అడుగున సమంగా కాకుండా కప్పు వాలు వెంటే కట్టాం. పొడవాటి చెక్క తిప్పడానికి ఎత్తు కావాలి, దానికితోడు వాలు ఉంటే వేడి గాలి దానంతట అదే కొప్పుకు ఎక్కుతుంది. ఫాయిల్‌ను పర్లిన్లకు నేరుగా కొడితే ప్రతి పర్లిన్ దగ్గరా గాలి అడ్డుపడుతుంది. అందుకే ముందు పర్లిన్ల కింద, చూరు నుంచి కొప్పుకు వాలు వెంట, అంగుళం ఇనుప గొట్టాలు రెండడుగుల ఎడంతో బిగించాం. వాటికి రెండు పక్కలా మెరిసే బుడగల ఫాయిల్. దాని కింద ముప్పావు అంగుళం పట్టీలు, ఆ కింద ఆరు మిల్లీమీటర్ల సిమెంటు ఫైబర్ బోర్డు. ఇప్పుడు ఫాయిల్‌కు రెండు వైపులా ఖాళీ ఉంది. పై ముఖం మీద ఏళ్ల తరబడి దుమ్ము పేరుకున్నా, కింది ముఖం మూసిన సందులో శుభ్రంగా ఉండి పని చేస్తూనే ఉంటుంది.

ఫోమ్ షీట్లు తేలిక, చవక. అయినా వద్దన్నాం. రంపపు పొడి, గ్రైండరు నిప్పురవ్వలు ఉండే గదిలో కాలే సరుకు తల మీద పెట్టకూడదు. ఫైబర్ బోర్డు చదరపు మీటరుకు ఎనిమిది కిలోల దాకా తూగుతుంది. ఈ కప్పుకు మొత్తం 175 కిలోల దాకా. ట్రస్సు అతుకులు చూసి, వెల్డింగు సన్నగా ఉన్న రెండు చోట్ల మళ్లీ వేయించాకే ఎక్కించాం.

గాలి, దుమ్ము

కప్పు సందులోకి గాలి చూరు దగ్గర ఎలుక జాలీ గుండా వస్తుంది, రెండు కొనల ముక్కోణపు గోడల్లో పెట్టిన లూవర్ల (ఏటవాలు పలకల కిటికీల) గుండా పోతుంది. ఈ సందు గదితో కలవదు కాబట్టి ఏడాది పొడుగునా తెరిచి ఉన్నా నష్టం లేదు. గదికి విడిగా దక్షిణపు కొనలో పన్నెండంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను, దానికి లోపలినుంచి మూసే తలుపు, బయట పది అంగుళాల లోతు గొడుగు రేకు. టర్బో వెంటిలేటరు పెట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. తుపాను గాలికి వాన అడ్డంగా కొడుతుంది, రేకు కోసి పెట్టిన ఏ కన్నమైనా అప్పుడు కారుతుంది. గోడలో కన్నానికి గొడుగు పెట్టుకోవచ్చు, కప్పులో కన్నానికి ఆ వీలు తక్కువ. 2025 అక్టోబరు మొంథా తుపాను వానల్లో లూవర్ల దగ్గర లోపల చుక్క పడలేదు.

మధ్యాహ్నం తర్వాత సముద్రం మీదనుంచి తూర్పు గాలి తిరుగుతుంది. తూర్పు కిటికీలు ఉన్నవి ఉన్నట్టే ఉంచి రెక్కలకు రబ్బరు పట్టీలు, తలుపు అడుగున బ్రష్ పట్టీ వేశాం. పడమటి గోడకు నీడ కోసం రెండడుగుల అవతల సరుగుడు కట్టెలు నాటి 75 శాతం నీడనిచ్చే వల కట్టాం. తాటాకు తడికలు ఇంకా చల్లన, చూడటానికీ బాగుంటాయి. కానీ చెద మళ్లీ గోడ దగ్గరికి వస్తుంది, నిప్పు భయం వేరే. వలను తుపాను హెచ్చరిక రాగానే విప్పి చుట్టేయాలి, అది ఇద్దరి పని.

దుమ్ము మిషను దగ్గరే రెండు కాలాల నియమం అసలు పరీక్షకు నిలిచింది. పొడిని పీల్చి బయటికి వదిలేయడం ఊపిరికి మంచిది. చెక్క పొడిని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సరు తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో పెట్టింది. కానీ నిమిషానికి 700 ఘనపుటడుగులు లాగే మిషను మూడు నిమిషాల్లోపు గదిలోని గాలినంతా బయటికి పంపి, అంత బయటి గాలినీ లోపలికి లాగుతుంది. నవంబరులో అది తడి గాలి. అందుకే మిషను తర్వాత గొట్టానికి దారి మార్చే రేకు ఒకటి పెట్టాం. వేసవిలో గాలి గోడ గుండా బయటికి, ముసురులో ఒక మైక్రాను కార్ట్రిడ్జి ఫిల్టరు గుండా తిరిగి గదిలోకి. మిషనుతో వచ్చిన గుడ్డ సంచి పెద్ద పొట్టును ఆపుతుంది, ప్రమాదకరమైన సన్న పొడిని గదిలోకే చిమ్ముతుంది. ముసురు కాలంలో ఆ సంచితో నడపడం కంటే తడి గాలే నయం. మిషనుకు ముందు, గాలిని సుడి తిప్పి పొట్టును రాల్చే సైక్లోను డ్రమ్ము పెట్టడంతో పొట్టులో ఎక్కువ భాగం ఫిల్టరు దాకా రాకుండా డ్రమ్ములోనే పడుతుంది. గొట్టాలు నాలుగంగుళాల పీవీసీ, మలుపుల దగ్గర 90 డిగ్రీల ఎల్బో బదులు 45వి రెండేసి. ప్లేనరు, సాండింగు చేసేటప్పుడు ఎన్95 మాస్కు తప్పదు, ఎంత మిషను ఉన్నా.

కరెంటు

మెయిన్ బోర్డు నుంచి షెడ్డు దాకా 28 మీటర్లు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు రానూ పోనూ 56 మీటర్లకు 0.68 ఓముల నిరోధం. రంపం నడిచేటప్పుడు పది ఆంపియర్లే తీసుకున్నా మొదలయ్యే క్షణంలో యాభై దాకా లాగుతుంది. అంటే దారిలోనే 34 వోల్టులు పోతాయి. సాయంత్రం 215 ఉండే సప్లై మోటారు దగ్గర 181 అవుతుంది. మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని, అంటే వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి ఉండాల్సిన దానిలో అరవై శాతమే. రంపం మెల్లగా ఎక్కుతుంది, ఎక్కినంతసేపూ ఎక్కువ కరెంటు లాగుతుంది, ఎంసీబీ పడుతుంది. ఎంసీబీ తన పని తాను సరిగానే చేసింది.

కొత్తగా ఆరు చదరపు మిల్లీమీటర్ల ఆర్మర్డ్ కేబులు భూమిలో వేశాం. అదే లెక్కన పోయేది తొమ్మిది వోల్టుల లోపు. షెడ్డులో విడి బోర్డు, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, విడి ఎర్తు. రంపానికి నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు మీద సి రకం 16 ఆంపియర్ల ఎంసీబీ. బి రకం మూడు నుంచి ఐదు రెట్లకే పడుతుంది, సి రకం ఐదు నుంచి పది రెట్లకు. మోటార్లకు సి రకమే తగింది. దుమ్ము మిషను ముందు, అది వేగం అందుకున్నాక రంపం, ఇదీ వరస. లైట్ల సర్క్యూటు పూర్తిగా వేరు. బ్లేడు తిరుగుతుండగా ఎంసీబీ పడి గది చీకటైతే వేళ్లు పోతాయి. 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటన్లు ఆరు, లేత్ దగ్గర విడిగా ఒక చేతి దీపం. చవక బ్యాటన్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి, ఆ వెలుతురులో తిరిగే బ్లేడు ఆగినట్టు కనిపించవచ్చు. ఫోన్ కెమెరాలో గీతలు పరిగెత్తే బ్యాటన్లను దుకాణంలోనే పక్కన పెట్టాం.

ఇనుము, చెక్క

పనిముట్లకు రెండడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు, అడుగు లోతు చెక్క బీరువా చేయించాం. తలుపులకు రబ్బరు పట్టీ. అడుగున పింగాణీ హోల్డరులో పాతరకం తీగ బల్బు, చుట్టూ ఇనుప జాలీ, పైన పావు అంగుళం సందు. చెమ్మను తీయాల్సిన పని లేదు, గాలిని నాలుగైదు డిగ్రీలు వెచ్చబరిస్తే చాలు. 27 డిగ్రీల దగ్గర 85 శాతం ఉన్న తేమ అదే గాలి 32కు చేరితే 64కు దిగుతుంది. అక్టోబరు నుంచి జనవరి దాకా బల్బు రాత్రీపగలూ వెలుగుతుంది. ఎల్‌ఈడీ బల్బు పెడితే ఆ వేడి రాదు. కాల్షియం క్లోరైడు డబ్బాలు మాత్రం ఈ బీరువాలోకి రానివ్వలేదు, అవి నీటిని పీల్చి ఉప్పునీరుగా కారితే కింద ఉన్న ఉలి గతి అంతే.

లేత్, రంపం బల్లలకు పారాఫిన్ మైనం రుద్ది, పైన నూలు దుప్పటి. ప్లాస్టిక్ కప్పితే లోపలే చెమ్మ పడుతుంది. సిలికాన్ స్ప్రేలు వద్దు, అవి చెక్కకు అంటితే తర్వాత పాలిష్ పట్టదు, చేప కళ్లలా చుక్కలు తేలుతాయి. ఏసీ తీసేశాం.

చెక్కను తూర్పు గోడ వెంట అరల్లో పడుకోబెట్టాం. రెండడుగులకొకటి ముప్పావు అంగుళం పుల్ల, కొనలకు రంగు. మిల్లు నుంచి తెచ్చిన చెక్క నెల రోజులు గదిలో ఉండి, తేమ మీటరు 12 శాతం దగ్గర నిలిచాకే కోతకు. మూతలు విడగొట్టిన సంగతి గది మార్చి తీర్చేది కాదు, పని పద్ధతి మార్చాలి. అడ్డకోత టేకు పలక అడుగు వెడల్పుకు వేసవికీ ముసురుకూ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది. మే నెలలో బిగించే మూతను గాడిలో జిగురు లేకుండా, రెండు పక్కలా రెండేసి మిల్లీమీటర్లు వదిలి కూర్చోబెట్టాలి. డిసెంబరులో చేసేదైతే గాడి నిండుగా ఉండవచ్చు, తగ్గేదే కానీ పెరగదు.

అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. వేడి షెడ్డులో ఇది మరీ త్వరగా జరుగుతుంది. నీళ్లు పోసిన మూత డబ్బా ఒకటి తలుపు బయట పెట్టించాం.

అమరిక

రంపం గది నడిమిలో పొడుగు వెంట, ముందూ వెనకా ఎనిమిదేసి అడుగులు ఖాళీ ఉండేలా. 18 అడుగుల గదిలో దీనికి మించి కుదరదు. అంతకంటే పొడవు చెక్కకు ఉత్తరపు తలుపు తెరిస్తే సరిపోతుంది, అందుకే రంపాన్ని తలుపుకు సూటిగా పెట్టాం. పని బల్ల తూర్పు కిటికీ కింద, ఇంటాయన మణికట్టు ఎత్తున, 34 అంగుళాలు. పదును పెట్టడానికి చీమకుర్తి నల్ల గ్రానైటు పాలిష్ ముక్క ఒకటి అడుగు వెడల్పుది తెచ్చి, దాని మీద గరుకు కాగితం అంటిస్తే చిత్రిక అడుగు సమం చేసుకోవడానికి అంతకంటే మంచి పీట లేదు. గ్రానైటు కోత దగ్గర ఇలాంటి ముక్కలు వృథాగా పడి ఉంటాయి. నేల మామూలు సిమెంటుదే ఉంచాం. వెట్రిఫైడ్ టైల్స్ మీద రంపపు పొడి పడితే కాలు జారుతుంది.

తర్వాత

మొదటి ముసురు గడిచాక బీరువాలోని పనిముట్ల మీద తుప్పు లేదు. ప్లేనరు బ్లేడ్ల గాడిలో మాత్రం ఇప్పటికీ వస్తోంది, మైనం అక్కడికి చేరదు. వారానికోసారి మిషను నూనె వేయడమే దారి. 2025 మే నెలలో సీలింగు బోర్డు అడుగు, బయటి నీడకు ఒకటి రెండు డిగ్రీల తేడాలో నిలిచింది. అంటే సెగ పోయింది కానీ గాలి వేడి గాలిగానే ఉంటుంది. ఒంటి గంట నుంచి నాలుగు దాకా మే నెలలో అక్కడ పని చేయకూడదని ఇంటాయనకు మొదటే చెప్పాం, ఆ మాట ఇప్పటికీ మారలేదు.

ఇదే ఏర్పాటును ఎక్కడైనా దించేయవచ్చు అనుకోకూడదు. సముద్రానికి దూరంగా ఉన్న కనిగిరి, మార్కాపురం వైపు ముసురు తక్కువ, ఎండ ఎక్కువ. అక్కడ తెల్ల పూత, ఫాయిలు, పడమటి నీడ వదలకూడదు. రబ్బరు పట్టీలు, బల్బు బీరువా లేకపోయినా పెద్ద నష్టం లేదు. నల్లరేగడి నేలల్లో వేసవికి భూమి పగిలి గది నేల కుంగుతుంది, రంపం కాళ్ల కింద సర్దే మరలు ఉంచుకోవాలి. మేడ మీద శ్లాబు గది అయితే లెక్కే వేరు. శ్లాబు రోజంతా వేడి తాగి రాత్రి వదులుతుంది కాబట్టి లోపల ఫాయిలు కంటే పైన తెల్ల పూతకు, నీడకు ముందు ఖర్చు పెట్టాలి. ఏది కట్టినా కప్పు, గోడ పనులు ఫిబ్రవరిలో మొదలుపెట్టి సెప్టెంబరు లోపు ముగించుకుంటే, అక్టోబరు మొదటి వానకు కారే చోట్లు చూసుకుని సరిచేసుకునే వ్యవధి దొరుకుతుంది.